పట్టీ మడిచే ముందు ఒక్క నిమిషం!

ఆరుగాలం కష్టపడి పండించిన ధాన్యం కాటా ఎక్కింది. గుమాస్తా కాలిక్యులేటర్ మీద టకటకా మీటలు నొక్కి, పట్టీ రాసి చేతికిచ్చాడు. రైతు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అందులో ఒక అంకె అటూ ఇటూ అయితే? ఇంటికి వెళ్లాక బడికెళ్లే పిల్లలెవరైనా చూసి చెబితే తప్ప తెలియదు.

యంత్రం తప్పు చేయదు, నిజమే. కాని మీట నొక్కేది మనిషి వేలు. ఒక సున్న తగ్గినా, చుక్క పక్కకు జరిగినా యంత్రం మాట్లాడదు. అందుకే పట్టీ మడిచే ముందు ఉజ్జాయింపు లెక్క వేసుకోవాలి. దీనికి కాగితం, కలం అక్కర్లేదు.

ధాన్యం లెక్క

75 కిలోల బస్తాలు 38 తూచారనుకుందాం. నాలుగు బస్తాలకు 3 క్వింటాళ్లు. ఆ లెక్కన 40 బస్తాలకు 30 క్వింటాళ్లు. రెండు బస్తాలు తక్కువ కనుక ఒకటిన్నర క్వింటాలు తీసేస్తే 28న్నర.

2025-26 ఖరీఫ్‌లో ఏ గ్రేడు ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. దాన్ని 2,400 అనుకోండి. 30 క్వింటాళ్లకు 72,000. ఒకటిన్నర క్వింటాలుకు 3,600 తీసేస్తే 68,400. ధరను 11 రూపాయలు పెంచి లెక్కవేశాం కనుక అసలు సొమ్ము ఇంతకంటే తక్కువే ఉండాలి. సుమారు మూడు వందలు తగ్గిస్తే 68,100. కచ్చితమైన లెక్క 68,086 రూపాయల 50 పైసలు. చూశారా, ఎంత దగ్గరికి వచ్చామో!

పట్టీలో 60,886 అని ఉంటే అంకెలు తారుమారై 7,200 రూపాయలు పోయినట్టే. 68,806 అని ఉన్నా తప్పే, ఎందుకంటే అది 68,400 దాటింది. మనకు లాభం వచ్చే పొరపాటయినా చెప్పడమే మంచిది.

ఎరువుల బిల్లు

2025లో 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. 50 కిలోల డీఏపీ బస్తా 1,350. ఆరు యూరియా, నాలుగు డీఏపీ బస్తాలు తెచ్చారనుకోండి. యూరియాను 270 చొప్పున వేస్తే 1,620. డీఏపీకి 5,400. మొత్తం 7,020. అసలు బిల్లు దీనికి కొంచెం లోపు, అంటే 6,999 రావాలి. 7,999 అని ఉంటే డబ్బు లెక్కపెట్టే ముందే అడగాలి.

వడ్డీ లెక్క

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 45,000 తెచ్చి, 11 నెలలకు తీరుస్తున్నారు. 45 వేలలో నూర్లు 450. నెలకు 900. పది నెలలకు 9,000, ఏడాదికి 10,800. మీరు కట్టాల్సిన బారు వడ్డీ ఈ రెండింటి మధ్యనే ఉండాలి. 12,400 అని చెబితే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట. నోటు తీయించి చూడండి.

ఒక్క జాగ్రత్త

రెండు అంకెలనూ పెంచి గుణిస్తే వచ్చేది అసలుకంటే ఎక్కువ. రెండూ తగ్గిస్తే తక్కువ. అసలు లెక్క ఆ రెండు గట్ల మధ్య ఉండాలి. అలా ఉన్నంత మాత్రాన పైసాతో సహా సరిపోయిందని కాదు. పది, ఇరవై తేడా ఈ పద్ధతికి దొరకదు. కాటాలో మోసం ఉంటే అసలే దొరకదు. పెద్ద తప్పు జరగలేదని మాత్రం ధైర్యం చెబుతుంది.

1957 ఏప్రిల్‌లో నయా పైసలు రాకముందు మన పెద్దలు రూపాయికి పదహారణాల లెక్కను, వీసం, పరక, పావు ఎక్కాలతో నోటితోనే తేల్చేవారు. ఇప్పుడు అన్నీ పదులు, నూర్లే. వారికంటే మన పని తేలిక.

తేడా కనిపిస్తే గొడవ పడనక్కర్లేదు. "బాబూ, ఇంకొక్కసారి వేసి చూడండి" అంటే చాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. దానికి తోడు లెక్క కూడా తెలిస్తే కష్టార్జితం నిలుస్తుంది.