ట్యాంకు నిండగానే మోటార్ దానంతటదే ఆగాలంటే.. ఫ్లోట్ స్విచ్ ఎలా పనిచేస్తుంది?

మోటార్ ఆపడం ఎవరో మర్చిపోతారు. పైట్యాంకు పొంగి నీళ్లు గోడ వెంట కారుతుంటాయి. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఇది కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకంలో అపార్ట్‌మెంట్లకు మీటరే లెక్క. నల్లా నీళ్లు సంపులోకి వచ్చేటప్పుడే మీటరులో పడిపోతాయి కాబట్టి, పైన పొంగి పోయినవి కూడా మీరు వాడుకున్నట్టే.

దీనికి విరుగుడు ఫ్లోట్ స్విచ్. చూడటానికి వైరు చివర వేలాడే ప్లాస్టిక్ డబ్బా. లోపల ఓ చిన్న స్విచ్, దొర్లే ఇనుప గుండు ఉంటాయి. నీళ్లు తగ్గితే డబ్బా కిందికి వేలాడుతుంది. పెరిగితే తేలుతూ పైకి తిరుగుతుంది. అప్పుడు గుండు దొర్లి ‘టక్’మని స్విచ్ మారుతుంది. పాత రకాల్లో గుండుకు బదులు పాదరసం వాడేవారు.

అసలు కిటుకు వైరు పొడవులో ఉంది. వైరును బరువుతో కట్టిన చోటు నుంచి డబ్బా దాకా ఎంత ఎక్కువ వదిలితే, మోటార్ ఆన్ అయ్యే మట్టానికీ ఆగే మట్టానికీ మధ్య అంత ఎక్కువ తేడా వస్తుంది. మరీ పొట్టిగా వదిలితే నాలుగు బకెట్లు వాడగానే మోటార్ మొదలవుతుంది. ఆన్ అయిన ప్రతిసారీ మోటార్ మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఇలా మాటిమాటికీ జరిగితే వైండింగ్ వేడెక్కి కాలిపోవచ్చు.

చాలామంది పైట్యాంకులో ఒకటి పెట్టించి సరిపెట్టుకుంటారు. కానీ సంపు ఖాళీ అయినా పైట్యాంకు స్విచ్‌కు తెలియదు. మోటార్ ఉత్తినే తిరిగి సీలు పోతుంది. అందుకే సంపులో రెండోది కావాలి. పైన చోటుండి, కింద నీళ్లున్నప్పుడే మోటార్ నడిచేలా రెండింటినీ వరుసగా కలుపుతారు. మూడు వైర్ల రకమైతే ఒకే స్విచ్ రెండు చోట్లా పనికొస్తుంది. ఏ రెండు వైర్లు కలిపారన్నదే తేడా.

ఖర్చు మిగులుతుందని మోటార్ కరెంటంతా ఈ చిన్న స్విచ్ గుండానే పంపిస్తుంటారు. ఇది మంచిది కాదు. లోపలి కాంటాక్టులు మాడి అతుక్కుపోతే ట్యాంకు నిండినా మోటార్ ఆగదు. పెద్ద మోటార్లకు, త్రీఫేజ్‌కు స్టార్టర్ లేదా కాంటాక్టర్ తప్పనిసరి. ఫ్లోట్ స్విచ్ దానికి ఆన్, ఆఫ్ అని చెబితే చాలు.

ఇంకో సంగతి, చాలా ఇళ్లలో ఆ వైరులో ఉండేది 230 వోల్టులు. అదీ నీళ్లలో. పైతొడుగు చిట్లితే షాక్ కొడుతుంది. ఆ లైనుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ట్యాంకు కడగడానికి మనిషిని దించేముందు మెయిన్ ఆపేయండి, మోటార్ స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు. అలా ఆపి ఉన్నప్పుడే డబ్బాను చేత్తో పైకి, కిందికి తిప్పి చూడండి. ‘టక్’ వినిపించకపోయినా, డబ్బా పైపుకో నిచ్చెనకో తగులుకుంటున్నా సరిచేయించండి.