మానసిక చికిత్సా న్యాయస్థానములు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఆగ్నేయపు కొసనున్న ఫ్లారిడాలో, అట్లాంటిక్ తీరమున, బ్రోవర్డ్ అను కౌంటీ కలదు. కౌంటీ యనగా స్థూలముగా మన జిల్లా వంటిది. 1997 జూన్ నెలలో అచ్చట ఒక క్రొత్తరకపు న్యాయస్థానము ప్రారంభమయ్యెను. దానికి వేరుగా భవనము లేదు. కేంద్రప్రభుత్వపు నిధులును లేవు. జింజర్ లెర్నర్-రెన్ అను న్యాయమూర్తి తమ మామూలు క్రిమినల్ కేసుల నడుమ, మధ్యాహ్న భోజనవిరామ సమయమున, ఆ కోర్టును నడపిరి. తమ వ్యవహారములు తాము చూచుకొనలేనివారికి ప్రభుత్వ పక్షమున సంరక్షకురాలుగా ఆమె అంతకు పూర్వము పనిచేసియుండిరి. చిన్న నేరములపై పట్టుబడిన మనోరోగులను జైలునుండి తప్పించి చికిత్సకు పంపుటయే ఆ కోర్టు ఉద్దేశము. నేడు ఆ దేశమున ఇట్టి న్యాయస్థానములు మూడువందలకు పైగా ఉన్నవి.

ఇందు న్యాయమూర్తి అందరికి కనుపించు వ్యక్తి. కాని బండికి ఇరుసువంటి ఉద్యోగి ఇంకొకరుందురు. ఆ ఉద్యోగిని కోఆర్డినేటరు, అనగా సమన్వయకర్త, అని పిలుతురు. ఈ పని ఎందుకు అవసరమైనదో తెలియవలెనన్న కొంత వెనుకటి చరిత్ర చూడవలెను.

1955లో అమెరికా రాష్ట్రప్రభుత్వముల మానసిక వైద్యశాలలలో 5,58,922 మంది రోగులుండిరి. దానికి ఒక యేడు ముందు, 1954లో, క్లోర్‌ప్రోమజైన్ అను మందు అచ్చట వాడుకలోనికి వచ్చెను. మెదడులోని నాడీకణములు ఒకదానికొకటి వార్తలు పంపుకొనుటకు కొన్ని రసాయనములను వాడుకొనును. వానిలో డోపమీన్ ఒకటి. ఈ మందు డోపమీన్‌ను అందుకొను గ్రాహకములను కొంతమేర అడ్డుకొనును. అందుచే చెవిలో వినబడు లేనిపోని మాటలు, ఎవరో తరుముచున్నారను భయము తగ్గును. ఏండ్లతరబడి ఆసుపత్రి గోడలలోపల గడపినవారు ఇండ్లకు పోవచ్చునను ఆశ పుట్టెను. 1963 అక్టోబరు 31న అధ్యక్షుడు కెనడీ సంతకముచేసిన చట్టము ప్రకారము ఊరూర మానసికారోగ్య కేంద్రములు వెలయవలసియుండెను. ఆసుపత్రులు ఖాళీ అయినవి గాని, అనుకొన్నన్ని కేంద్రములు కట్టబడలేదు. కట్టిన వానికిని నిలకడగా ధనము అందలేదు.

లయొనెల్ పెన్రోస్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1939లోనే ఐరోపా దేశముల లెక్కలను పోల్చి, మానసిక వైద్యశాలలలో రోగులు తక్కువగానున్న దేశములలో జైళ్ళలో జనము ఎక్కువగా నుందురని చూపెను. ఒకటి తగ్గుటచేతనే రెండవది పెరుగుచున్నదని ఇంతమాత్రమున నిశ్చయింపరాదు. అమెరికా జైళ్ళు నిండుటకు మాదకద్రవ్యముల చట్టములవంటి ఇతర కారణములును కలవు. అయినను 2009లో ప్రకటితమైన ఒక పరిశోధన గమనింపదగినది. మేరీలాండు, న్యూయార్కు రాష్ట్రములలోని అయిదు జైళ్ళను పరిశీలింపగా, పురుషులలో నూటికి 14.5 మందికిని, స్త్రీలలో నూటికి 31 మందికిని తీవ్రమైన మానసిక వ్యాధులు కనబడెను.

వీరు జైలునకు వచ్చు దారి ఎట్టిదో తెలియుటకు ఒక యువకుని ఊహించుకొనుడు. వయస్సు ఇరువదియారు. స్కిజోఫ్రీనియా సాధారణముగా యౌవనమున తలయెత్తు వ్యాధి. ఇతనికిని కాలేజీలో నుండగా వచ్చెను. చదువు పోయెను, పిదప ఉద్యోగము పోయెను, ఇంటివారు విసిగిరి. ఒక రాత్రి మూసిన దుకాణపు వసారాలో పడుకొని, పొమ్మన్నను పోలేదు. పోలీసులు పట్టుకొనిరి. నేరము చిన్నదే గాని జామీను కట్టువారు లేరు. జైలులో అతని మందు కొన్నాళ్ళు ఆలస్యమగును, లేదా వేరొక మందు ఇత్తురు. బీదలకు వైద్యపు ఖర్చు భరించు మెడికెయిడ్ అను పథకము ఖైదీలకు సాధారణముగా వర్తింపదు. విడుదలైన పిమ్మట దానిని తిరిగి నిలుపుకొనుటకు కాగితములు నడవవలెను. ఈలోపల మందులు అయిపోవును, గొంతులు మరల వినవచ్చును. అదే వసారా, అదే పోలీసు, అదే జైలు. గానుగెద్దు ఎన్ని ఆమడలు నడచినను ఉన్నచోటనే యుండునట్లు, ఇతడును అచ్చటనే తిరుగుచుండును.

మందు వేసుకొనవచ్చునుగదా యని ఆరోగ్యవంతుడు అడుగును. ఈ వ్యాధి వచ్చినవారిలో చాలమందికి తమకు వ్యాధి యున్నదను ఎరుకయే యుండదు. పక్షవాతముచే ఎడమచేయి పడిపోయిన రోగులలో కొందరు తమ చేయి బాగుగనే యున్నదని వాదించుట వైద్యులకు తెలిసిన విషయము. ఇదియు కొంతవరకు అట్టిదే. దీనిని మొండితనమని యెంచి దండించిన ప్రయోజనము లేదు. మనోరోగులందరు క్రూరులను నమ్మకమును సరికాదు. వారిలో ఎక్కువమంది ఎవరికిని హాని చేయరు, ఇతరులవలన హాని పొందుటయే తరచు.

ఇంకొక పొరపాటును ఇచ్చటనే తొలగింపవచ్చును. మతి స్థిరములేనివానికి శిక్ష లేదను సూత్రము వేరు. అది 1843లో ఇంగ్లండునందలి మెక్నాటన్ కేసునుండి రూపొందినది. మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షనులో నుండెడిది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షనుగా నున్నది. నేరము చేసిన ఆ క్షణమున నిందితుని మనస్సు ఎట్లుండెను అని ఆ సూత్రము విచారించును. చికిత్సా న్యాయస్థానము విచారించునది రాబోవు సంవత్సరమును గూర్చి. భారతదేశమున 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, ప్రతి రాష్ట్రమున కనీసము ఒక జైలు వైద్యవిభాగములో మానసిక చికిత్సాలయము ఉండవలెనని 103వ సెక్షనులో విధించెను. రోగుల హక్కులకై సమీక్షా మండలులను ఏర్పరచెను. అమెరికా పద్ధతి కోర్టులను మాత్రము అది ఏర్పరచలేదు.

సమన్వయకర్త పని

జైలు నర్సు, నిందితుని వకీలు, పోలీసు, కొన్నిమార్లు కన్నతల్లి — వీరిలో ఎవరైనను ఒక పేరును సమన్వయకర్తకు అందింపవచ్చును. ఆ పేరు రెండు జల్లెడలలో పడవలెను. ఈ నేరము ఇట్టి కోర్టునకు తగినదా యని ప్రభుత్వ న్యాయవాది చూచును. బ్రోవర్డ్‌లో మొదట చిన్న నేరములనే తీసుకొనిరి; త్రాగి వాహనము నడపుటను, ఇంటిలోని వారిని కొట్టుటను వదలివేసిరి; ఇతరులపై చేయిచేసుకొన్న కేసులో దెబ్బతిన్నవారు ఒప్పుకొనవలెనని నియమము పెట్టిరి. నిజముగా వ్యాధి యున్నదా, ఏ వ్యాధి, ఎట్టి చికిత్స కావలెను అని చూచుట వైద్యనిపుణుని వంతు. రెండింటిలో నిలిచిన పిమ్మట నిందితుడు తన వకీలుతో మాట్లాడి ఒప్పుకొనవలెను. అతడు వలదన్నచో కేసు మామూలు కోర్టునకు పోవును.

అసలు కష్టము ఆపైన వచ్చును. మన యువకునకు మంగళవారము పది గంటలకు వైద్యుని వద్ద వేళ దొరికినదనుకొందము. వసతిగృహములో పడక గురువారమునకు గాని ఖాళీకాదు. జైలువారు సోమవారము అర్ధరాత్రి తలుపు తీయుదురు. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటిన పిమ్మట విడుదలచేయు ఆచారము నిజముగానే కలదు. చేతిలో మందుచీటి, వీధిలో మూసిన దుకాణములు! ఎవరికి వారు తమ పనిని సక్రమముగనే చేసియుందురు. మనిషి మాత్రము నడుమనున్న మూడు దినములలో జారిపోవును. కావున సమన్వయకర్త, విడుదల గురువారము ఉదయము జరుగవలెననియు, ద్వారము వద్ద ఫలానా కార్యకర్త చేతికి అప్పగింపవలెననియు న్యాయమూర్తి ఉత్తర్వులో వ్రాయించును, వైద్యుని వేళను శుక్రవారమునకు మార్పించును, అంతవరకు సరిపడు మాత్రలు జైలు మందులగది నుండి ఇప్పించును, మెడికెయిడ్ కాగితములు ముందే పంపును, బస్సుపాసు తెప్పించును. ఇందు గొప్ప శాస్త్రమేమియు లేదని తోచవచ్చును. కాని మందు విషయము తెలియనివారు ఈ పని చేయలేరు.

ఉదాహరణకు లిథియమును తీసుకొందము. ఉత్సాహపు పొంగు, విషాదపు క్రుంగు ఒకదాని వెనుక నొకటి వచ్చు బైపోలార్ వ్యాధికి అది పాతదియు మంచిదియునైన మందు. లిథియము లవణములకు ఉన్మాదమును అణచు గుణము కలదని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించెను. రక్తములో లీటరుకు సుమారు 0.6 నుండి 1.2 మిల్లీమోలుల వరకు ఉన్నప్పుడే అది మేలు చేయును. తగ్గినచో ఫలము లేదు, హెచ్చినచో విషమగును. చేతులు వణకును, నడక తూలును, మాట తడబడును. వాంతులవలననో విరేచనములవలననో ఒంటిలో నీరు తగ్గినను దాని మట్టము పెరుగును. కోర్టుహాలులో తూలుచు నిలిచినవానిని త్రాగివచ్చెనని భ్రమపడుట ఎంత సులభమో ఆలోచింపుడు. అట్టివానిని జైలునకు గాక వెంటనే ఆసుపత్రికి పంపవలెనని పట్టుపట్టుటకు, రక్తపరీక్ష ఎప్పుడు జరిగెనో చెప్పుటకు ఆ గదిలో ఎవరైన ఉండవలెను. సమన్వయకర్త వైద్యుడు కాకపోయినను ఆ ప్రశ్న అడుగవలసినది ఆ ఉద్యోగియే.

విచారణకు ముందు న్యాయమూర్తి, ఇరుపక్షముల న్యాయవాదులు, ప్రొబేషను అధికారి, వైద్యవర్గము కలసి కూర్చుందురు. ఒక్కొక్కని సంగతి సమన్వయకర్త కొద్ది నిమిషములలో చెప్పును. వైద్యుని వద్దకు వచ్చుచున్నాడా, పడక నిలుపుకొనెనా, మందు మానెనా? వైద్యునితో ఏకాంతమున అతడు చెప్పుకొన్న బాధలు ఆ సభలోనికి రాకూడదు. హాజరు సంగతి కోర్టునకు, మనస్సులోని సంగతి వైద్యునకు — ఈ గీత ఎచ్చట గీయవలెనో సమ్మతిపత్రములో ముందే వ్రాసికొందురు. గీత చెరిగిన రోగి నోరు విప్పడు. నోరు విప్పనివానికి చికిత్స లేదు.

మొదట వారమునకొకసారి, తరువాత నెలకొకసారి రోగి న్యాయమూర్తి యెదుట నిలుచును. సరిగా నడచుకొన్నచో నలుగురిలో మెచ్చుకొందురు. హాలులోని వారు చప్పట్లు కొట్టుటయు కలదు. అవిధేయతకు మందలింపు, తరచు హాజరు, ఎన్నడైన కొలది దినముల జైలు ఉండును. మరి మందు మానినవానినేమి చేయవలెను? ఎందుకు మానెనో తెలిసికొననిదే చెప్పలేము. ఒళ్ళు విపరీతముగా పెరిగెననియో, పగలంతయు మగతగానున్నదనియో మానినవానికి కావలసినది వేరొక మందు. దినదినము మాత్ర మ్రింగుట కష్టమైనవారికి కొన్ని వారములపాటు పనిచేయు సూదిమందు కలదు. వీనిని నిర్ణయించుట వైద్యుని వంతు. ఈ విషయమున జైలును బెత్తముగా వాడు కోర్టు తన పేరునకు తగదు.

ఫలితములను గూర్చి

సాన్‌ఫ్రాన్సిస్కో కోర్టును గూర్చి 2007లో వెలువడిన పరిశోధన ప్రకారము, పదునెనిమిది నెలలలో అందు చేరినవారిపై క్రొత్త కేసులు వచ్చు అవకాశము, మామూలు పద్ధతిలో పోయిన అట్టివారికంటె సుమారు నూటికి 26 వంతులు తక్కువ. హింసాత్మక నేరముల విషయమున 55 వంతులు తక్కువ. 2011లో నాలుగు కోర్టులను కలిపి చూచిన పరిశోధనలో 447 మందిని ఇతరులు 600 మందితో పోల్చిరి. కోర్టులో చేరినవారు తక్కువగా అరెస్టయిరి, జైలులో తక్కువ దినములుండిరి. అయితే ఇందు ఎవరు చేరవలెనో చీట్లు వేసి తీయలేదు. ఒప్పుకొని వచ్చినవారు మొదటినుండియు కొంత మెరుగైనవారై యుండవచ్చును. పరిశోధకులు లెక్కలలో దీనిని సవరింప యత్నించిరి గాని, సవరణతో సందేహము పూర్తిగా తీరదు.

ఇంతకంటె లోతైన ఆక్షేపణ సమ్మతిని గూర్చినది. జైలు వెనుకనుండగా చికిత్సకు ఒప్పుకొనుట నిజమైన ఒప్పుకోలేనా? ఫ్లారిడాలో రెండవ తరగతి చిన్న నేరమునకు గరిష్ఠ శిక్ష అరువది దినములే. చికిత్సా కార్యక్రమమో చాలచోట్ల సంవత్సరమునకు తక్కువ కాదు. శిక్షయే అనుభవించి పోయెదనన్నవానిది తెలివితక్కువ లెక్క అనలేము. ఆ లెక్కను దాచక ముందుంచుట వకీలు ధర్మము, దానికి సమయమిచ్చుట కోర్టు ధర్మము. వేరొక చిక్కును కలదు. ఊరిలో పడకలు, వైద్యులు ఎప్పటివలెనే యుండగా కోర్టు ఒక్కటే క్రొత్తగా వెలసినచో, నేరము చేసినవాడు వరుసలో ముందునకు పోవును, ఏ నేరము చేయక ఓపికతో నిలిచిన రోగి వెనుకబడును. ఏ కోర్టును దీనిని ఒంటరిగా సరిదిద్దజాలదు.

గడువు పూర్తియైననాడు సాధారణముగా నేరారోపణను కొట్టివేయుదురు, లేదా తగ్గింతురు. కోర్టునకు రోగిపైనున్న అధికారము ఆనాటితో తీరును. పిలిచినను రానవసరము లేదు. అందుచే చివరి నెలలలో సమన్వయకర్త తన చేతిలోని దారములను ఒక్కొక్కటే రోగి చేతికి మార్చుచుండును. వైద్యుని వేళను ఇక రోగియే ఫోను చేసి కుదుర్చుకొనును. గది అద్దెపత్రము అతని పేరనే వ్రాయబడును. గొంతులు మరల వినవచ్చిన రాత్రి మొదట ఎవరికి ఫోను చేయవలెనో, ఆ అంకె ఒక చిన్న అట్టముక్కపై వ్రాసి అతని జేబులో ఉంచుదురు.