వెలుతురు తక్కువున్న ఉప్పునీటి ట్యాంకులో ఏ జీవుల్ని పెంచాలి?

హిందూపురం నుంచి ఇటు నెల్లూరు తీరానికైనా, అటు మంగళూరు తీరానికైనా నేరుగా కొలిస్తే సుమారు 300 కిలోమీటర్లు. సముద్రానికి ఇంత దూరాన ఉప్పునీటి ఆక్వేరియం పెట్టాలనుకునేవారికి మొదటి బెంగ లైటే. పగడాలకు సరిపడే లైటు ఖరీదెక్కువ, పైగా నీళ్లను వేడెక్కిస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ధర్మవరంలో మాత్రం మసక వెలుతురు మేలే చేస్తుంది. వెలుతురు మీద బతకని జీవుల్ని ఎంచుకుంటే సరి.

చాలా సీ ఎనిమోన్లలో, పగడాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. వెలుతురు తగిలితేనే అవి తమకు చోటిచ్చిన జీవికి ఆహారం తయారుచేస్తాయి. మసక ట్యాంకులో ఆ జీవులు నెలల తరబడి మెల్లగా కృశించి చచ్చిపోతాయి. శైవలాలతో పని లేని పగడం ఒకటుంది, సన్ కోరల్. విదేశీ పుస్తకాలు మసక ట్యాంకుకు దాన్నే సూచిస్తాయి. మన దేశంలో అది కుదరదు. 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. సముద్ర దోసకాయలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి.

ఇక మిగిలేవి రొయ్యలు, సన్యాసి పీతలు, బ్రిటిల్ స్టార్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో 56 లీటర్లు పడతాయి. రాళ్లు పేర్చాక మిగిలేది 50 లీటర్లే అనుకోండి. అందులో రెండు క్లీనర్ రొయ్యలు, మూడు చిన్న సన్యాసి పీతలు చాలు. నత్తల్ని ఎక్కువ వేయకండి, మసక ట్యాంకులో వాటికి నాచు దొరకదు. క్లీనర్ రొయ్య వారం పది రోజుల్లో మచ్చికై, నీళ్లలో చెయ్యి పెడితే వచ్చి గోళ్ల సందులు శుభ్రం చేస్తుంది. ఒక ఉదయం అది అడుగున కదలకుండా పడి కనిపిస్తే కంగారుపడకండి. చాలాసార్లు అది వదిలేసిన పెంకే. రొయ్య రాతి సందులో దాక్కుని ఉంటుంది.

లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ అలంకార రొయ్యల్ని ట్యాంకుల్లోనే పొదిగించి పెంచుతోంది. అలా పుట్టినవాటినే అడిగి కొనడం మంచిది.

అసలు గండం నీళ్లతోనే. లీటరుకు 35 గ్రాముల చొప్పున 50 లీటర్లకు 1.75 కిలోల సముద్రపు ఉప్పు మిశ్రమం కావాలి. వంట ఉప్పు పనికిరాదు. సముద్రపు లవణాల్లో సుమారు 14 శాతం మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం వంటివి, రొయ్య పెంకుకు ఆ కాల్షియం కావాలి. ఆవిరైపోయేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. రోజుకు ఒక లీటరు చొప్పున ఐదు రోజులు పట్టించుకోకపోతే 35 గ్రాములు 39కి చేరతాయి. తగ్గిన మేరకు రోజూ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

గాలి లెక్క కూడా చూడాలి. సముద్రమట్టంలో 25 డిగ్రీల ఉప్పునీరు లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. హిందూపురం ఎత్తు 620 మీటర్లు, ఇక్కడ అది 6.3కి తగ్గుతుంది. నీరు 30 డిగ్రీలకు వేడెక్కితే 5.8. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి.

మన బోరు నీళ్లలో లవణాలెక్కువ కాబట్టి ఆర్వో నీళ్లే వాడాలి. ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటే దాని టీడీఎస్ సర్దే మరను పూర్తిగా కట్టేయండి, లేకపోతే బోరు నీళ్లు మళ్లీ కలుస్తాయి. పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా పెద్దలు మంచినీళ్లు రాగి బిందెలో పెడతారు. మనకు అది మంచి అలవాటే. రొయ్యకు మాత్రం లీటరు నీటిలో మిల్లీగ్రాములో కొంత వంతు రాగి ఉన్నా ప్రాణాంతకమే. చేపల తెల్లమచ్చ రోగానికి వాడే రాగి మందుతోనూ ఇదే ప్రమాదం. ట్యాంకు నింపి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాకే జీవుల్ని తెచ్చుకోండి. అంతకంటే ముందు, మీ ఆర్వో మిషన్‌లో కాపర్ ఫిల్టర్ ఉందేమో ఒకసారి మూత తీసి చూడండి.