చెవి కోసం పుట్టని యంత్రం

మోర్స్ కీ సొంతంగా చేసుకోవాలనుకునేవాడికి అఫ్జల్‌గంజ్‌ను మించిన చోటు లేదు. ఇత్తడి కావాలంటే పక్కనే బేగంబజారు. బజర్, 555 ఐసీ, బ్యాటరీ క్లిప్పు కావాలంటే కాస్త నడిస్తే కోఠీలో గుజరాతీ గల్లీ. చెక్కపలక మీద ఒక ఇత్తడి మీట, దాని కింద స్ప్రింగు, నొక్కితే కలిసి వదిలితే విడిపోయే రెండు మొనలు: యంత్రమంటే ఇంతే. బజర్ మోగించడానికి లైసెన్సు అక్కర్లేదు. గాలిలోకి పంపడానికే కావాలి.

చేయడం ఇంత తేలికైన వస్తువు నేర్చుకునేవాణ్ణి నెలల తరబడి ఎందుకు ఏడిపిస్తుంది? జవాబు దాని పుట్టుకలోనే ఉంది.

1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తొలి సందేశం పంపినప్పుడు అవతల ఎవరూ చెవులు రిక్కించుకుని కూర్చోలేదు. విద్యుదయస్కాంతం ఒక మొనను కదిలిస్తే, నడుస్తున్న కాగితపు పట్టీ మీద చుక్కలూ గీతలూ పడ్డాయి. వాటిని కళ్లతో చదువుకోవాలి. మోర్స్, ఆయన సహచరుడు ఆల్ఫ్రెడ్ వెయిల్ తయారుచేసింది రాత యంత్రం. అయితే ఆ మొన కదిలినప్పుడల్లా టకటకమని చప్పుడయ్యేది. రోజంతా దాని ముందే కూర్చునే ఆపరేటర్లకు కొన్నాళ్లకు పట్టీ చూడాల్సిన పనే లేకపోయింది. విని రాసేయడం మొదలుపెట్టారు. యజమానులకు మొదట్లో ఇది నచ్చలేదు, కాగితం సాక్ష్యం లేకుండా చెవినెలా నమ్మడం? చివరికి చెవే గెలిచింది. కాగితాన్ని తీసేసి, చప్పుడు మాత్రమే చేసే సౌండర్‌ను బల్ల మీద పెట్టారు. ఒక యంత్రం అసలు ప్రయోజనాన్ని దాన్ని తయారుచేసినవాళ్లు కాక, జీతానికి వాడినవాళ్లు కనిపెట్టిన సందర్భాలు చరిత్రలో అరుదు.

ఈనాటి కొత్తవాడు పట్టిక గోడకు అంటించి చుక్కలూ గీతలూ బట్టీపట్టడం మొదలుపెడితే, 1844 నాటి కాగితపు పట్టీ దగ్గరికే తిరిగి వెళ్తున్నట్టు. చెవిన ‘డా-డి-డా-డిట్’ పడుతుంది. మనసులో పట్టిక తెరిచి, గీత చుక్క గీత చుక్క అని వెతికి, ‘సి’ అని తేల్చేలోపు మరో రెండు అక్షరాలు దాటిపోతాయి. మృదంగం నేర్చే పిల్లవాడు తకధిమి ముందు నోటితో పలుకుతాడు, చెయ్యి తర్వాత. ఇక్కడా అంతే. ‘ఎ’ అంటే చుక్కా గీతా కాదు, ‘డి-డా’.

ఈ లయకు లెక్క ఉంది. చుక్క ఒక మాత్ర అయితే గీత మూడు. అక్షరంలోపల విరామం ఒకటి, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. నిమిషానికి 12 పదాల వేగంలో చుక్క సెకనులో పదోవంతు. 5 పదాలకు దిగితే చుక్క సాగిపోయి అక్షరం ముక్కలవుతుంది, మళ్లీ లెక్కపెట్టే జబ్బు పట్టుకుంటుంది. అందుకే అక్షరాన్ని వేగంగానే వినిపించి, మధ్య ఖాళీల్ని పెంచే పద్ధతి వచ్చింది. జర్మన్ మనస్తత్వవేత్త లుడ్విగ్ కోచ్ 1930ల్లో చెప్పినది ఇంకా కటువు: పూర్తి వేగంతో రెండే అక్షరాలతో మొదలుపెట్టు, నూటికి తొంభై సరిగ్గా రాస్తేనే మూడోదాని జోలికి వెళ్లు.

చెయ్యి తొందరగా నేర్చుకుంటుంది, చెవి వెనకబడుతుంది. ఇండియానాలో విలియం బ్రయాన్, నోబుల్ హార్టర్ తంతి గుమస్తాలను పరీక్షించి 1897లోనే ఈ సంగతి బయటపెట్టారు. పంపే వేగం హాయిగా పెరుగుతూ పోతుంది. వినే వేగం ఒకచోట వారాల తరబడి ఆగిపోయి, ఉన్నట్టుండి మళ్లీ లేస్తుంది. అక్షరాలుగా వినడం పోయి పదాలుగా వినడం మొదలైనప్పుడు వచ్చే ఎదుగుదల అది. మధ్యలో మానేసేవాళ్లలో చాలామంది ఆగేది ఆ మెట్టు మీదే అని నా అనుమానం.

మన దేశంలో పాత నిబంధనల ప్రకారం రెండో గ్రేడు అమెచ్యూర్ రేడియో లైసెన్సుకు 5 నిమిషాల్లో 125 అక్షరాలు విని రాయాలి, అన్నే పంపాలి. 2003లో జెనీవా రేడియో సదస్సు ఈ పరీక్ష పెట్టాలా వద్దా అన్నది ఆయా దేశాలకే వదిలేసింది. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు ఇక్కడ ఇప్పుడు మోర్స్ అక్కర్లేదు. 2013 జులైలో టెలిగ్రామ్ కూడా వెళ్లిపోయింది. అయినా నేర్చుకునేవాళ్లున్నారు. కారణం మమకారమొక్కటే కాదు. మాటకు సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కు 150 చాలు. శక్తి అంతా ఆ సన్నని దారిలోనే ప్రయాణిస్తుంది కాబట్టి, మాట హోరులో కలిసిపోయిన చోట కూడా ‘డి-డా’ వినిపిస్తుంది.

హైదరాబాదులో హ్యామ్ (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్) కావాలనుకునేవాళ్లు వెళ్లే చోటు సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో.

తీరా లైసెన్సు చేతికొచ్చి గాలిలోకి దిగినప్పుడు, నెమ్మదించమని అడగడానికి ‘క్యూఆర్ఎస్’ అనే సంకేతముంది. అడిగితే ఎంత అనుభవజ్ఞుడైనా దిగివస్తాడు. అసలు అడిగే అవసరం రాకుండానే చూసుకోవచ్చు: ‘ఎవరైనా జవాబివ్వండి’ అనే ‘సీక్యూ’ పిలుపును మనం ఏ వేగంతో పంపితే జవాబూ సాధారణంగా ఆ వేగంతోనే వస్తుంది. చెయ్యి 12 పదాలు కొట్టగలిగినా చెవి 6 దగ్గరే ఉంటే 6తోనే పిలవాలి. లేకపోతే జవాబొచ్చిందని తెలుస్తుంది, ఎవరిచ్చారో తెలియదు.