డిస్కస్ చేపలు: నీళ్లు అద్దంలా ఉన్నా చేపలు చనిపోతున్నాయా? ఫిల్టర్ కడిగేటప్పుడు చాలామంది చేసే తప్పు ఇదే..

వేలకు వేలు పోసి డిస్కస్ చేపలు తెచ్చుకుంటారు. రెండు నెలలు అంతా బాగానే ఉంటుంది. ఓ ఆదివారం తీరిగ్గా ఫిల్టర్ విప్పి, స్పాంజ్‌ని కుళాయి కింద పెట్టి మురికి మొత్తం పోయేదాకా పిండి పిండి కడుగుతారు. మంగళవారానికల్లా చేపలు నల్లబడిపోతాయి.. మేత ముట్టవు.. ఓ మూలకి చేరి కదలకుండా నిలబడిపోతాయి. నీళ్లు చూస్తే మాత్రం అద్దంలా మెరుస్తుంటాయి. చేపలకి ఏదో రోగం వచ్చిందనుకుని మందుల కోసం షాపుకి పరిగెడతారు. కానీ అసలు జరిగింది వేరు. ఆ ఆదివారం కుళాయి కింద కొట్టుకుపోయింది మురికి ఒక్కటే కాదు.. చేపల్ని బతికిస్తున్న బ్యాక్టీరియా కూడా!

ఫిల్టర్ అసలు పని ఏంటి?

ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ అనుకుంటాం. అది సగం పనే. చేప మొప్పల నుంచి, విసర్జన నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. ఇది కంటికి కనిపించదు, చేపకి మాత్రం విషం. ఫిల్టర్ స్పాంజ్‌లో, సిరామిక్ రింగుల్లో కాపురం పెట్టిన ఓ రకం బ్యాక్టీరియా ఈ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. దీంతో ప్రమాదం చాలా తక్కువ. వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే నైట్రేట్ బయటికి పోతుంది.

ఈ బ్యాక్టీరియా ఒక్కరోజులో తయారవదు. కొత్త ఫిల్టర్‌లో సరిపడా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే ట్యాంక్, ఫిల్టర్, చేపలు.. మూడూ ఒకే రోజు కొని ఇంటికి తెచ్చుకోవడం డిస్కస్ విషయంలో పెద్ద పొరపాటు. ఇప్పటికే ట్యాంక్ నడుపుతున్న స్నేహితుడు ఎవరైనా ఉంటే, అతని ఫిల్టర్‌లోని పాత స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోండి. ఆ ట్యాంక్‌లో చేపలు ఆరోగ్యంగా ఉంటేనే సుమా! లేదంటే స్పాంజ్‌తో పాటు రోగమూ వచ్చేస్తుంది.

డిస్కస్‌కే ఎందుకింత రిస్క్?

డిస్కస్ పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. 1840లోనే ఆస్ట్రియా శాస్త్రవేత్త హెకెల్ దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. నది ఉరవడిలో కాకుండా, నీళ్లు నెమ్మదిగా కదిలే చోట మునిగిపోయిన చెట్ల కొమ్మల మధ్య ఇవి బతుకుతాయి. గోరువెచ్చగా, ఉప్పు తక్కువగా, కాస్త ఆమ్లగుణంతో ఉండే నీళ్లు వీటికి అలవాటు.

మన ఇళ్లలో వీటికి 28 నుంచి 30 డిగ్రీల వేడి నీళ్లు కావాలి. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గిపోతుంది. అటు చేపకీ, ఇటు ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాకీ ఊపిరి అదే. పైగా పిల్ల డిస్కస్‌లకి ప్రోటీన్ ఎక్కువున్న మేత రోజుకి నాలుగైదు సార్లు వేయాలి. మేత ఎక్కువైతే అమ్మోనియా కూడా ఎక్కువే.

బోరు నీళ్లు వాడేవాళ్లకి ఇంకో చిక్కుంది. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్ల పీహెచ్ 7 దాటి ఉంటుంది. అమ్మోనియా మోతాదు ఒకటే అయినా, పీహెచ్ 7 దగ్గర ఉన్నప్పటి కంటే 8 దగ్గర దాని విషం దాదాపు పది రెట్లు! పక్కింటాయన ట్యాంక్‌లో తట్టుకున్న చేప మీ ట్యాంక్‌లో తట్టుకోలేకపోవడానికి ఇదీ ఓ కారణం కావచ్చు.

మరి ఏ ఫిల్టర్ కొనాలి?

షాపులో తక్కువ ధరకి దొరికే స్పాంజ్ ఫిల్టర్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నిజానికి డిస్కస్ బ్రీడర్లు ఎక్కువగా నమ్ముకునేది దాన్నే. ఎయిర్ పంప్‌తో నడుస్తుంది, నీళ్లని మెల్లగా లాగుతుంది, ఆక్సిజన్ ఇస్తుంది, బ్యాక్టీరియాకి బోలెడు చోటిస్తుంది. డిస్కస్ పిల్లలు మొదటి రోజుల్లో తల్లిదండ్రుల ఒంటి మీది జిగురునే తిని పెరుగుతాయి. అంత చిన్న పిల్లలున్న ట్యాంక్‌లో మోటార్ ఫిల్టర్ పెడితే లోపలికి లాగేసుకుంటుంది. అక్కడ స్పాంజ్‌కి మించింది లేదు.

హాల్లో పెట్టుకునే పెద్ద ట్యాంక్‌కైతే కేనిస్టర్ ఫిల్టర్ బాగుంటుంది. ట్యాంక్ కింద క్యాబినెట్‌లో కూర్చుంటుంది, మీడియా ఎక్కువ పడుతుంది. ఖర్చు ఎక్కువే. అద్దానికి తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ ఒక్కదాని మీదే డిస్కస్‌ని వదిలేయడం మంచిది కాదు. అందులో మీడియాకి చోటు తక్కువ. మా సలహా అడిగితే.. ఒక కేనిస్టర్, తోడుగా ఒక స్పాంజ్. ఒకటి ఆగినా రెండోది కాపాడుతుంది.

డబ్బా మీది అంకెని నమ్మొద్దు

డిస్కస్ గుంపు చేప. కనీసం ఐదారు కలిసి ఉండాలి. పెద్ద చేప ఒక్కోదానికి 40 లీటర్ల లెక్కన చూసినా 200 లీటర్లు దాటిన ట్యాంక్ కావాలి. ట్యాంక్‌లోని నీళ్లన్నీ గంటకి 4, 5 సార్లు ఫిల్టర్ గుండా తిరగాలని ఓ లెక్క. అంటే 200 లీటర్లకి గంటకి 800 నుంచి 1000 లీటర్లు.

ఇక్కడే మోసపోతాం. డబ్బా మీద రాసిన 1000 లీటర్లు అనేది లోపల మీడియా లేకుండా, నీళ్లు పైకి ఎక్కాల్సిన ఎత్తు లేకుండా లెక్కేసింది. స్పాంజ్‌లు, రింగులు నింపి, కింద నుంచి పైకి లాగితే అంత రాదు. కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకుని, ప్రవాహాన్ని తగ్గించుకోవడమే మేలు.

తగ్గించేటప్పుడు కూడా ఒక పద్ధతుంది. నీళ్లు ట్యాంక్‌లోకి వచ్చే పైపు దగ్గరి ట్యాప్‌నే తిప్పాలి. నీళ్లు లాగే వైపు బిగిస్తే మోటార్‌కి నీళ్లందక గాలి పట్టి చెడిపోవచ్చు. చిల్లుల పైపు, అంటే స్ప్రే బార్ పెట్టి దాన్ని వెనక అద్దం వైపు తిప్పితే ధార విరిగిపోతుంది. నీటి పైభాగం మాత్రం కాస్త కదులుతూ ఉండాలి, ఆక్సిజన్ అక్కడి నుంచే కలుస్తుంది. సరిపోయిందో లేదో చేపే చెబుతుంది. ఎదురీదుతూ అలసిపోతున్నా, ధార తగలని మూల వెతుక్కుంటున్నా ఇంకా తగ్గించాలి. వేసిన మేత గిరగిరా తిరిగి పోతున్నా అంతే.

ఎలా కడగాలి?

నీళ్లు మార్చేటప్పుడు ట్యాంక్ నుంచి తీసిన నీళ్లనే ఓ బకెట్‌లో ఉంచుకోండి. స్పాంజ్‌ని అందులో రెండుమూడు సార్లు పిండితే చాలు. తెల్లగా రావాల్సిన పని లేదు. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది బ్యాక్టీరియాని చంపేస్తుంది. ఇక సబ్బు, సర్ఫ్ జోలికి వెళ్లనే వద్దు. స్పాంజ్‌నీ రింగుల్నీ ఒకే రోజు కడగకండి. ఒకదానికీ ఇంకోదానికీ రెండు వారాల గ్యాప్ ఇవ్వండి. ట్యాంక్‌లో మందు వేసినప్పుడు ఫిల్టర్‌లోంచి కార్బన్ తీసేయాలి, లేకపోతే మందుని అదే పీల్చేసుకుంటుంది.

ఓ టెస్ట్ కిట్ కొనిపెట్టుకోండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ 20 పీపీఎం లోపు ఉంటే మంచిది. ఫిల్టర్ కడిగిన మర్నాడు ఒకసారి చూస్తే తేడా వెంటనే దొరికిపోతుంది. అమ్మోనియా కనిపిస్తే ఆ రోజుకి మేత ఆపేసి, క్లోరిన్ తీసేసి అదే వేడికి తెచ్చిన నీళ్లతో కొంత మార్చాలి.

కరెంట్ పోతే..?

కరెంట్ గంటల తరబడి పోయినప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ ఉంటే స్పాంజ్ ఫిల్టర్ నడుస్తూనే ఉంటుంది. ఎయిర్ పంప్‌ని నీటి మట్టం కంటే కింద పెట్టారా? అయితే ట్యూబ్‌కి చెక్ వాల్వ్ తప్పనిసరి. లేకపోతే కరెంట్ పోగానే నీళ్లు ట్యూబ్ గుండా వెనక్కి పంప్‌లోకి వచ్చేస్తాయి, అక్కడి నుంచి ఇంట్లోకి. కేనిస్టర్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. మూసిన డబ్బాలో గంటల తరబడి నీళ్లు నిలిచిపోతే ఆక్సిజన్ అయిపోయి లోపల కుళ్లు మొదలవుతుంది. కరెంట్ వచ్చింది కదా అని వెంటనే స్విచ్ వేస్తే ఆ నీళ్లన్నీ ట్యాంక్‌లోకి వచ్చి పడతాయి. ముందు ట్యాప్‌లు మూసి, డబ్బా విప్పి వాసన చూడండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ఆ నీళ్లు పారబోసి, మీడియాని ట్యాంక్ నీళ్లలో కడిగి, అప్పుడే ఆన్ చేయండి.