పెద్దల మాటలను ధ్వనిరూపమున నిలుపుట

మానవుఁడు తన సొత్తులో నెన్నింటినో దాఁచుకొన నేర్చెను. ధాన్యమును గాదెలయందును, బంగారమును పెట్టెలయందును, దానశాసనములను రాళ్లమీఁదను దాఁచెను. కంఠధ్వనిని మాత్రము తిరిగి వినునట్లు దాఁచుట 1877వ సంవత్సరము వఱకు ఎవరికిని సాధ్యము కాలేదు. తాతగారి పొలము మనుమనికి వచ్చుచుండెను. ఆయన చేవ్రాలు దస్తావేజులలో నిలుచుచుండెను. ఆయన పిలిచిన పిలుపు మాత్రము ఆయనతోనే పోవుచుండెను.

ఆ సంవత్సరమున అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ కనిపెట్టిన యంత్రము యొక్క పని మిక్కిలి సులభమైనది. మనము మాటలాడునపుడు గాలి కంపించును. ఆ కంపము ఒక పలుచని పొరను కదల్చును. పొరకంటియున్న సూది, తిరుగుచున్న గొట్టముమీఁద చుట్టిన తగరపు రేకునందు ఒకచోట లోతుగాను ఒకచోట పైపైనను గీఁత గీయును. సూదిని మరల గీఁత మొదట నుంచి గొట్టమును త్రిప్పినచో, గీఁత సూదిని, సూది పొరను, పొర గాలిని కదల్చి, పలికిన మాటయే తిరిగి పలుకును. తరువాత తగరపు రేకునకు మాఱుగా మైనపు గొట్టము వచ్చెను; పిదప గ్రామఫోను ప్లేటును, అయస్కాంతపు టేపును వచ్చెను. నేఁడు మన చేతనున్న సెల్‌ఫోను గీఁత గీయదు. ధ్వని హెచ్చుతగ్గులను సెకనునకు వేలకొలఁది పర్యాయములు కొలిచి, ఆ కొలఁతలను అంకెలుగా వ్రాసికొనును. సీడీలకు నిర్ణయించిన లెక్క సెకనునకు 44,100 కొలఁతలు. ఒక్క మాట పలుకునంతలో ఇన్ని కొలఁతలు తీయఁగల సాధనము మన బాలుర జేబులలో నుండి, ఎక్కువభాగము సినిమా పాటలకే వినియోగపడుచున్నది!

పండితులు ఈ యంత్రమును చేతఁబట్టుకొని వెదకినది తఱచుగా భాషలనే గాని మనుష్యులను గాదు. సర్ జార్జి గ్రియర్సన్ నడపిన హిందూదేశ భాషాపరిశీలనమునకు అనుబంధముగా 1913 మొదలు 1929 వఱకు ఈ దేశపు భాషలను గ్రామఫోను రికార్డులలోనికి ఎక్కించిరి. రెండువందలకు పైఁబడిన ఆ రికార్డులలో మన తెలుఁగును గలదు. అందు అనేకులచేతఁ జెప్పించిన కథ యొక్కటే. మన బడిపిల్లలకు సుపరిచితమైన తప్పిపోయిన కుమారుని కథ. అందఱును ఒకే కథ చెప్పినచో భాషకు భాషకుఁ గల భేదము తేటపడునని వారి తలంపు. శాస్త్రమునకు ఆ పద్ధతి తగినదే. కాని ఆ కథ చెప్పిన మనుష్యుని తండ్రి యెవరో, అతఁడెప్పుడైన ఇల్లు విడిచి దూరదేశము పోయెనో, పోయి తిరిగి వచ్చెనో ఎవరును అడుగలేదు.

అడుగకయే ఒకఁడు చెప్పెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915 మొదలు 1918 వఱకు, జర్మనీలో విల్హెల్మ్ డోగెన్ మున్నగువారు యుద్ధఖైదీల శిబిరములకుఁ బోయి వారి భాషలను రికార్డు చేయుచుండిరి. బెర్లిను నగరమునకు సమీపమున వ్యూన్స్‌డోర్ఫ్ అనుచోట హిందూదేశపు సిపాయిలుండిరి. 1916 డిసెంబరు 11వ తేదీని మల్ సింగ్ అను సిక్కు సిపాయి యంత్రము నెదుట నిలిచి పంజాబీ భాషలో కొంచెముసేపు మాటలాడెను. తన కథనే యొరుల కథవలెఁ జెప్పెను. ఒక మనుష్యుఁడు హిందూదేశములో వెన్న తినుచుండెననియు, ఐరోపా యుద్ధమునకు వచ్చి జర్మనులచేతఁ జిక్కెననియు, అతఁడు స్వదేశమునకుఁ బోఁగోరుచున్నాఁడనియు దాని సారము. పండితులకుఁ గావలసినది పంజాబీ ఉచ్చారణము. అతనికిఁ గావలసినది ఇల్లు. నూఱేండ్లు గడచిన పిమ్మట ఆ రికార్డును వినువారు ఉచ్చారణమును మఱచి, ఆ వెన్ననే తలంచుచున్నారు.

కావున యంత్రముతో అడుగవలసినది ఏమి, అడుగవలసినవారెవరు అను ప్రశ్న పుట్టినది. రెండవదానికి 2003 అక్టోబరు 23వ తేదీని న్యూయార్కు నగరమున ఒక మంచి సమాధానము దొరకెను. ఆ దినమున గ్రాండ్ సెంట్రల్ అను గొప్ప రైలుస్టేషనులో డేవ్ ఐసే యనునాయన స్టోరీకోర్ అను పేరుతో ఒక చిన్న గది తెఱపించెను. పండితుఁడు పామరుని ప్రశ్నించుట అచట లేదు. తల్లిని కుమార్తె అడుగును. తాతను మనుమఁడు అడుగును. చిరకాల స్నేహితులు ఒకరినొకరు అడుగుదురు. వేళ నలువది నిమిషములు. ఒక ప్రతి వారికిచ్చి, వారు సమ్మతించినచో మఱియొక ప్రతిని అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసునకుఁ బంపుదురు. మాకు ఇందు నచ్చినది ఏమనఁగా, పరదేశి అడిగిన ప్రశ్నకు మనుష్యుఁడు సమాధానము చెప్పును; మనుమరాలు అడిగిన ప్రశ్నకు కథ చెప్పును.

మన తెలుఁగునాట ఈ కార్యము జరుగలేదని తలంపవలదు. 1946 మొదలు 1951 వఱకు సాగిన తెలంగాణ సాయుధపోరాటములోఁ బాల్గొన్న స్త్రీలను స్త్రీశక్తి సంఘటన యను సంఘము వారు వెదకికొని పోయి, వారు చెప్పిన జీవితకథలను టేపులమీఁద నెక్కించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను పేర ప్రకటించిరి. ఆ పోరాటమును గూర్చి అంతకుమున్ను గ్రంథములు లేకపోలేదు. అయితే అడవిలో పసిబిడ్డను పెట్టుకొని తిరిగిన తల్లి కష్టము ఏమో, పోరాటము ముగిసిన పిదప ఇంటికి మరలి వంటచేయుఁడని చెప్పించుకొన్న స్త్రీ మనస్సు ఎట్లుండెనో ఆమె నోటనే వినవలయును.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై విఱుచుకుపడిన ఉప్పెనను తలంచుకొనుఁడు. సముద్రము ఊళ్లమీఁదికి వచ్చెననియు, పదివేలమందికిఁ దక్కువగాక చనిపోయిరనియు పుస్తకములలోఁ గలదు. ఆ రాత్రి ఎవరు ఏ చెట్టు పట్టుకొనిరో, ఎవరి చేయి ఎవరి చేతినుండి జాఱెనో పుస్తకములో లేదు. నాఁడు పదేండ్ల బాలుఁడు నేఁడు తాతయైనాఁడు. నాఁటి గృహస్థులలో ఎక్కువమంది గతించిరి. ఆ తీరమున బంధువులున్న విద్యార్థులు ఈ సెలవులలోనే పోవుట మంచిది. ఉప్పెన వంటి గొప్ప సంగతియే యుండవలెనని నియమము లేదు. మీ యింట మొట్టమొదట బడికిఁ బోయినవారెవరు, ఆ దినమున వారు ఏమి కట్టుకొనిరి అను సంగతియును చరిత్రయే.

ఇఁక అడుగు విధము. "మీ బాల్యము ఎట్లుండెను?" అని అడిగినచో "ఏముంది నాయనా, కష్టాలే" అను మాటతో ముగియును. చేతికందు వస్తువునుగూర్చి అడుగవలయును. "అమ్మమ్మా, మీ ఇంటికి నీళ్లెక్కడినుంచి తెచ్చేవారు? కడవ ఎవరు మోసేవారు?" అని అడిగి చూడుఁడు. నీళ్లబావి వెంట దారి వచ్చును. దారి వెంట ఊరు వచ్చును. ఊరి వెంట ఎవరిని బావి దగ్గఱకు రానిచ్చిరో ఎవరిని రానీయలేదో ఆ సంగతియు వచ్చును. "తాతయ్యా, మొదటి జీతమెంత? దాంతో ఏం కొన్నావు?" అను ప్రశ్న ఎన్నఁడును వృథా పోదు.

అడిగిన పిదప ఊరకుండవలయును. బాలురకుఁ గష్టమైనది ఇదియే. ముసలివారు మాట నాపినప్పుడు అది ముగింపని యెంచి వేఱొక ప్రశ్న వేయుదురు. మనసులో పది లెక్కించుఁడు. ఆ మౌనము తరువాత వచ్చు మాటయే పలుమాఱు అసలు మాట. వారు "వొచ్చినాము" అన్నను, "వచ్చితిమి" అన్నను, "వచ్చినం" అన్నను దిద్దవలదు. వ్యాకరణము మా తరగతిలో నుండనిండు. ఏ యూరివారు ఏ మాట పలికెడివారో ఆ యచ్చముగనే నిలువవలయును. వ్రాఁతలో ముందుగా చచ్చునది అదియే.

యంత్రమునుగూర్చి చెప్పవలసినది కొంచెమే. ఫంకాను రేడియోను ఆపుఁడు. ఫోనును మడతపెట్టిన బట్టమీఁద, మాటలాడువారికి మూరెడు దూరమున నుంచుఁడు. చేతఁబట్టుకొనినచో వ్రేళ్ల గీఁకుడు వినవచ్చును. నడుమ పిలుపులు రాకుండ ముందుగానే కట్టివేయుఁడు. మొదట వారి పేరును, ఊరును, తేదీని మీరే పలుకుఁడు. లేనిచో ఇరువదియేండ్ల పిమ్మట ఆ కంఠమెవరిదో చెప్పువారుండరు. ఒకేదినమున మూఁడుగంటలు కూర్చుండఁబెట్టుటకంటె మూఁడు సాయంకాలములు అరగంటసేపు కూర్చుండుట మేలు.

ముసలివారి జ్ఞాపకము తప్పిపోవునుగదా, దానినెట్లు నమ్మవచ్చును అని కొందఱు పెద్దలు మమ్మడుగుదురు. ఇటలీలో టెర్ని యను ఉక్కు కర్మాగారముల పట్టణము కలదు. 1949 మార్చి 17వ తేదీని, ఇటలీ నాటో కూటమిలోఁ జేరుటను నిరసించు ప్రదర్శనములో, లూయిజి ట్రస్టుల్లి యను యువ కార్మికుఁడు పోలీసులచేఁ జంపఁబడెను. అనేక సంవత్సరములు గడచిన పిదప అలెస్సాండ్రో పోర్తెల్లి యను పండితుఁడు ఆ యూరివారిని అడుగఁగా, పలువురు ఆ మరణము 1953లో, కార్మికులను పెద్దయెత్తున పనినుండి తీసివేసినప్పుడు కలిగిన కల్లోలములో జరిగెనని చెప్పిరి. తేదీ తప్పు. కాని అంతమంది ఒకే తప్పు ఏల చెప్పిరి? ఆ యూరివారికి జీవనాధారము పోయిన 1953వ సంవత్సరమే గొప్పగాయము. తమవాఁడొకఁడు చనిపోయిన సంగతిని మనస్సు ఆ గాయము దగ్గఱకు జరిపికొనెను. తేదీలు కాగితములలో దొరకును. ఆ గాయము ఎక్కడనున్నదో ఆ తప్పువలననే తెలిసెను. కావున పెద్దలతో తేదీలకై వాదింపవలదు. వేఱొక పుస్తకములో సరియైన తేదీని వ్రాసికొని, వారు చెప్పినది చెప్పినట్లే యుంచుఁడు.

చివరిది, మిక్కిలి జాగ్రత్తగాఁ జూడవలసినది: ఆ ధ్వని యెవరిది? 1890 మార్చి నెలలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అను పండితుఁడు అమెరికాలోని మేయిను రాష్ట్రమున పస్సమక్వాడీ యను ఆదిమజాతివారి పాటలను కథలను మైనపు గొట్టములమీఁద నెక్కించెను. మాటలాడువారి యొద్దకుఁ బోయి చేసిన రికార్డులలో ఇవి మొదటివిగా నెన్నఁబడుచున్నవి. ఆ గొట్టములు దూరమున పండితుల యధీనమున నుండెను. పాడినవారి సంతతివారికి వాని ప్రతులు చేరుటకు ఇంచుమించు తొంబది సంవత్సరములు పట్టెను. ఇటీవల ఆ ధ్వనులను క్రొత్త యంత్రములతో మరల శుభ్రపఱచిరి. వానిలో ఏది లోకమంతయు వినవచ్చునో, ఏది తమవారు మాత్రమే వినవలయునో ఆ జాతివారే నిర్ణయించుచున్నారు.

మన యింటిలోను న్యాయ మిదియే. నాయనమ్మ నీతోఁ జెప్పినది నీతోఁ జెప్పినదిగాని వీధితోఁ జెప్పినది గాదు. అప్పులు, తగవులు, చనిపోయిన బిడ్డలు, ఒకరి కులమునుగూర్చి వేఱొకరన్న మాటలు అందు దొర్లును. ఎవరికి వినిపింపవచ్చునో ముందడుగుఁడు. ముగించిన పిదప మరల నడుగుఁడు, ఏలయన మాటలాడకముందు తామేమి చెప్పెదరో వారికే తెలియదు. ఏడ్చునట్లయిన యంత్రమును ఆపి మంచినీళ్లిచ్చి ప్రక్కన కూర్చుండుఁడు. అనుమతించినదానిని ఫోనులో మాత్రమే యుంచక, మఱి రెండుచోట్ల, అందొకటి వేఱొక బంధువు ఇంట, ప్రతులుంచుఁడు.

అందఱికంటె ముందుగా వినవలసినవారు చెప్పినవారే. వినిపించినప్పుడు "ఇది నా గొంతేనా?" అని వారు వెఱఁగుపడుదురు. మన కంఠము మనకు గాలిగుండ మాత్రమేగాక పుఱ్ఱె యెముకలగుండను వినవచ్చును. ఎముకలు మంద్రధ్వనిని బాగుగ మోయును గనుక మన గొంతు మనకు గంభీరముగఁ దోఁచును; యంత్రమునకు గాలి మాత్రమే యందును. ఇంట తక్కినవారందఱు ఇన్నేండ్లుగా వినుచున్న గొంతు అదియేయని వారికిఁ జెప్పుఁడు. తరువాత ఏ మాట తీసివేయుమందురో అడిగి, వారి యెదుటనే తీసివేయుఁడు.