గాలి ట్యాంకు ఎంత పెద్దది కావాలి?

ఇక్కడ ఆస్ట్రేలియా ఫ్యాక్టరీలలో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "గాలి చాలడం లేదు, ఇంకో కంప్రెసర్ కొనాలా?" చాలాసార్లు కావలసింది కంప్రెసర్ కాదు, సరిపడా ట్యాంకు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక యంత్రానికి 30 సెకన్లపాటు సెకనుకు 150 లీటర్ల గాలి కావాలి. కంప్రెసర్ ఇచ్చేది 100 లీటర్లే. (ఇవి బయటి వాతావరణ పీడనం దగ్గర కొలిచిన లీటర్లు.) లోటు 50 × 30 = 1500 లీటర్లు.

మనం బడిలో చదువుకున్న బాయిల్ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. పీడనం 100 కిలోపాస్కల్స్, అంటే దాదాపు ఒక వాతావరణం మేర తగ్గితే, ట్యాంకు తన ఘనపరిమాణమంత గాలిని బయటికిస్తుంది. కాబట్టి పీడనం 700 నుంచి 600కి దిగినా యంత్రం నడిచేట్లయితే 1500 లీటర్ల ట్యాంకు చాలు. 650 కన్నా దిగకూడదంటే 3000 లీటర్లది కావాలి. అందుకే నేను ముందుగా ఆ కనీస పీడనమెంతో అడుగుతాను.

ట్యాంకు బదులు కంప్రెసర్ పీడనమే పెంచితే? ప్రతి 100 కిలోపాస్కల్స్‌కూ కరెంటు ఖర్చు సుమారు 7 శాతం పెరుగుతుంది.

అలాగని పెద్ద ట్యాంకు అన్నిటికీ మందు కాదు. ఏఎస్ 4343 ప్రమాణం ప్రకారం పీడనంతోపాటు ఘనపరిమాణం కూడా ప్రమాద స్థాయిని నిర్ణయిస్తుంది. పైగా ట్యాంకు గాలిని దాస్తుందే కాని పుట్టించదు. సగటు వాడకమే కంప్రెసర్ శక్తిని మించితే ఎంత పెద్ద ట్యాంకైనా ఖాళీ అవుతుంది. అప్పుడు ముందు లీకులు వెతకండి, కంప్రెసర్ సంగతి ఆ తర్వాత.